కొమ్ముకు కట్టిన రుమాలు

"రేపు గా ఎద్దు తోరణం కిందికి పోకుంటే మనల్ని ఈ ఊర్ల బతుకనిస్తరా?"

రాజమ్మ ఈ మాట అన్నప్పుడు ఇంకా ఏమీ జరగలేదు. పొద్దు గుంకడానికి చాలా సేపుంది. కొట్టం ముందు ఆమె భర్త దేవన్న ఎద్దు మెడకు వెచ్చని నెయ్యీ పసుపూ కలిపి రుద్దుతున్నాడు. ఆ ఎద్దు, సోన్యా, అరమోడ్పు కళ్లతో నిలబడి, చెయ్యి ఆగినప్పుడల్లా మూతితో అతని భుజాన్ని పొడుస్తోంది. పోళా, అంటే ఎద్దుల పండుగకు ముందు రోజు, మరాఠీ సరిహద్దులోని కోర్పనా చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఎద్దుల మెడలు ఇలాగే రుద్దుతారు. ఏడాదంతా కాడి మోసి కాయగట్టిన చోటుకు మనిషి చెయ్యి తగిలేది ఆ ఒక్క రోజే.

"ఇయ్యాల పిలుపు అందుకో, రేపు బువ్వకు రా," అని దేవన్న ఎద్దు చెవిలో అన్నాడు. అది కూడా తాతల నాటి నుంచి వస్తున్న మాటే.

రాజమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గది అనొచ్చునా మనం? గది గూడ పూజ లెక్కనే అయితదేమో."

"బువ్వకు పిలుసుడు పూజెట్లయితది. నిన్ను రోజు పిలుస్తలేనా?"

ఆమెకు నవ్వు రాలేదు. రాజమ్మ భయం ఒక దిక్కుకు పోయేది కాదు. ఊరికి భయపడేది, దేవుడికి భయపడేది, రెండూ ఒకేసారి ఎదురైతే దేనికి ముందు భయపడాలో తెలియక నట్టనడుమ నిలబడేది. గడ్‌చాందూర్ బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, ఆమె కంటికి అది అప్పటికే వాగులో బోర్లాపడి ఉండేది. సున్నపురాయి గనుల్లో మధ్యాహ్నం పేలుళ్లు ఏళ్లుగా రోజూ ఉన్నవే. అయినా పేలిన ప్రతిసారీ ఆమె చేతిలోని గిన్నె కింద పడాల్సిందే. పన్నెండో తరగతి చదువుతున్న కూతురు నిర్మల దీన్ని చూసి నవ్వేది. "అవ్వా, బారూదు పెట్టెటోడు గూడ నీ అంత ఉలిక్కిపడడు."

వాళ్లు ప్రభువును నమ్ముకున్న సంగతి కూడా భయంతోనే మొదలైంది. కరువు వచ్చిన ఏడాది దేవన్న కూలి కోసం గనికి పోయాడు. రాళ్లు లోడు చేసే బాపయ్య అనే కరీంనగర్ మనిషి గుడిసెలో సాయంత్రాలు పాటలు వినబడేవి. పాట వినడానికి పోయిన దేవన్న ప్రార్థనకు కూర్చుండిపోయాడు. ఇంటికి తిరిగివచ్చాక సారా ముట్టలేదు. ఇది ఎన్నాళ్ల ముచ్చటో అని రాజమ్మ ఒక పంట కాలమంతా కనిపెట్టుకొని ఉంది. మనిషి మళ్లీ జారలేదు. అప్పుడు తానూ కూతుర్ని తీసుకొని పెన్‌గంగలో దిగి బాప్తిస్మం తీసుకుంది. నీళ్లలో ముంచుతుంటే ఎక్కడ కొట్టుకుపోతానో అని పాస్టరయ్య మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆయన చేతి మీద ఆమె గోళ్ల గుర్తులు పడ్డాయి. అయితే పైకి లేచినప్పుడు, కాసేపు, నిజంగా కాసేపే, ఆమెకు ఏ భయమూ లేదు. పుట్టి బుద్ధెరిగాక అట్లాంటి ఘడియ అదొక్కటే.

ఆమెది సరిహద్దు అవతల ఆదిలాబాద్ వైపు పుట్టిల్లు. అక్కడి బడిలో నాలుగు తరగతులు చదివింది. దేవన్నకూ నిర్మలకూ మరాఠీ తప్ప చదవడం రాదు. పాస్టరయ్య ఇచ్చిన పుస్తకమేమో తెలుగుది. అందుకని ఆ ఇంట్లో వాక్యం వినబడాలంటే రాజమ్మ గొంతులోంచే రావాలి. సాయంత్రం దీపం దగ్గర ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, ఒత్తుల దగ్గర తడబడుతూ, ఎక్కడ తప్పు చదివితే దేవుడికి కోపం వస్తుందో అని భయపడుతూ చదివేది.

ఇప్పటి భయం మాత్రం ఊరకే వచ్చింది కాదు. దాని కథ ఎద్దులతో ముడిపడి ఉంది.

మామ పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. చేను పంచుకున్నారు, ఇంటి నడుమ గోడ పెట్టుకున్నారు. జోడెద్దులను మాత్రం విడదీయలేకపోయారు. మోత్యా అన్న ఈశ్వరయ్య వాటాకు వచ్చింది, సోన్యా దేవన్నకు. ఎవరి ఎద్దును వాళ్లు కట్టేసుకుంటారు, ఎవరి ఎద్దును వాళ్లు మేపుకుంటారు. చేన్లోకి పోయేటప్పుడు మాత్రం రెండూ ఒకే కాడి కింద పోతాయి. ఒక రోజు అన్న చేను, మర్నాడు తమ్ముడి చేను. పోళా నాడు తోరణం కింద ఆ రెండూ పక్కపక్కన నిలబడితే గుర్తుపట్టలేక పరాయి ఊరివాళ్లు కవలలా అని అడిగేవారు.

బాప్తిస్మం అయ్యాక ప్రతి పోళాకు ఈశ్వరయ్యే రెండు పగ్గాలూ పట్టుకొని పోయేవాడు. తోరణం దగ్గర తన కొబ్బరికాయ తాను కొట్టేవాడు. తమ్ముడి కాయ ఊసు ఎవరూ ఎత్తలేదు. కానీ పోయిన ఏడాది పత్తికి పురుగు పడింది. గడ్‌చాందూర్ దుకాణాల్లో కొత్త కొత్త మందులు, రంగురంగుల డబ్బాలు. ఏది కొట్టినా పురుగు చావలేదు. ఈ ఏడాది పండుగకు ముందు ఊరు చావడి దగ్గర కూర్చున్నప్పుడు ఊరి పెద్ద, పోలీస్ పాటిల్ బాపురావు లేచి, ఊళ్లో ఒకరు గ్రామదేవత తల్లి మీద అలిగి కూర్చుంటే చేను ఎట్లా పండుతుందని అడిగాడు. ఈసారి ఎవరి పగ్గం వాళ్లే పట్టాలి, ఎవరి కాయ వాళ్లే కొట్టాలి, నుదుట గులాల్ పెట్టించుకోవాలి అని తేల్చారు. పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు.

దేవన్న చేతులు కడుక్కుంటుండగా ఈశ్వరయ్య వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు. ముందు సోన్యా మెడ మీద చెయ్యి వేసి చూసుకున్నాడు.

"కూసో బావా, చాయ పెడత," అంది రాజమ్మ.

"చాయ వద్దు. తమ్మీ, చావడికాడి మాట ఇన్నవు గదా."

"ఇన్న. ఎద్దును నేనే కడిగి, కొమ్ములకు రంగేసి ఉంచుత. తోలుకపో అన్నా. కాయ మాత్రం కొట్ట. గులాల్ పెట్టిచ్చుకోను."

"పోయిన ఏడు గట్లనే తోలుకపోయిన. ఏమైంది? ఊరి పత్తంత పురుగు తిన్నది."

"ఏ ఊరి పత్తి తినలే? అవతల ఆదిలాబాద్ దిక్కు గూడ తిన్నదట. గాళ్లందరు కాయలు కొట్టనోళ్లేనా? కల్తీ మందులాయె అన్నా."

"నాకు గదంత తెల్వది."

"మరి పాటిల్ పోయిన పోళాకు ట్రాక్టర్‌ను తోరణం కింద నిలవెట్టిండు గదా. దానికి నోరు యాడుందో తెల్వక ఆయన పెండ్లాం పొగగొట్టానికి తీపి పోలె అందిచ్చె. తల్లికి గప్పుడు కోపం రాలేదా?"

ఈశ్వరయ్య పెదవులు కదిలాయి. నవ్వు దాకా వచ్చి ఆగిపోయాడు.

"నవ్వులాటకు రాలె నేను. ట్రాక్టర్ కొన్నంక బాపురావు ఎద్దొకటి ఖాళీగ ఉంది. నువ్వు రాకుంటె మోత్యా పక్కన దాన్ని నిలవెడతనన్నడు. పండుగైనంక కాడికి గూడ గదే కట్టుకో అన్నడు."

దేవన్న చేతిలోని చెంబు కింద పెట్టాడు. "అంటె జోడి ఇప్పుకుంటవా?"

"గా మాట నాతోని అనిపియ్యకు," అన్నాడు ఈశ్వరయ్య. "నీ దేవుడు నీకుండె, కాదంటున్ననా? ఊరోళ్ల ముంగట ఒక్క కాయ. గంతే గదా అడుగుతున్న." తర్వాత రాజమ్మ వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు," అని వెళ్లిపోయాడు.

వానలు తెరిపిచ్చిన రోజులు అవి. నల్లరేగడిలో గడ్డి పత్తి మొక్కను దాటడానికి చూస్తోంది. వరుసల నడుమ ఎద్దులతో గుంటక లాంటి దౌర కొట్టి ఆ గడ్డిని లేపకపోతే పంట మీద ఆశ వదులుకోవడమే. ఎదిగిన పత్తి వరుసల్లోకి ట్రాక్టర్ పోదు. ఒంటెద్దుతో దౌర నడవదు. బాపురావు వద్దంటే ఊళ్లో ఇంకెవరూ ఎద్దును అద్దెకివ్వరు. రాజమ్మ కళ్ల ముందు అప్పుడే చేనంతా గడ్డి పెరిగిపోయింది, దేవన్న మళ్లీ గనికి పోయాడు, నిర్మల చదువు ఆగిపోయింది.

ఆ సాయంత్రం వాక్యం చదువుతుంటే ఆమె వేలు ఒకే వరుస మీద అటూ ఇటూ తిరిగింది. నిర్మల "అవ్వా, చదివిందే చదువుతున్నవ్," అంది.

మర్నాడు పొద్దున్నే దేవన్న సోన్యాను వాగుకు తోలుకుపోయి తోమి తెచ్చాడు. కొమ్ములకు రంగు వేశాడు, మెడలో కొత్త గంటలు కట్టాడు, జొన్న గటక కలిపి దగ్గరుండి తినిపించాడు. పండుగ నాడు ఎద్దుకు విశ్రాంతి. మనిషికి లేదు కదా అనుకొని కొడవలి, చేతి పార తీసుకొని చేనికి బయలుదేరాడు.

"అన్న వస్తె పగ్గం చేతికియ్యి," అన్నాడు. "ఇంకేమియ్యకు."

"నువ్వు ఊర్ల లేకుంటె పిరికోడని అంటరు."

"ఉంటె కొట్లాటకు నిలవడ్డడంటరు. చేన్ల గడ్డి ఉన్నది, పోతున్న."

నిర్మలను కూడా రాజమ్మ తండ్రి వెంట పంపించింది. ఊళ్లో ఏదైనా గలాటా అయితే పిల్ల దూరంగా ఉంటుందని. నిర్మల సద్ది మూట అందుకుంటూ తల్లి మొహం చూసి, "నువ్వు గూడ రా," అంది. ఇంటికి ఎవరైనా నిప్పు పెడితే ఎట్లా అన్నది రాజమ్మ మనసులో ఉంది. పైకి అనలేదు.

పగటేళ దాటాక, గోడ అవతలి నుంచి అత్త గంగవ్వ వచ్చింది. పెద్ద కొడుకు దగ్గర ఉంటుంది ఆమె. కొంగు కింద పోలెలు దాచి తెచ్చింది. కూర్చోగానే ఏడ్చింది. గంగవ్వ ఏడుపులో నటన లేదు, అదే రాజమ్మను కరిగించింది.

"నా కడుపున ఇద్దరు పుట్టిండ్రు బిడ్డా. చేను చీలిస్తె చూసిన. ఇల్లు చీలిస్తె చూసిన. ఎద్దులను ఇడగొట్టుడు గూడ నా కండ్లతోనే చూడాల్నా?"

"నేనేం జెయ్యాలె అత్తా? ఆయన ఇనడు."

"వాన్ని రమ్మంటలేను. రుమాల్ ఇయ్యి."

ఆ ఊళ్లో అదొక పద్ధతి. ఎద్దు గల మనిషి మంచం పట్టినా, కోర్టు పని మీద వేరే ఊరికి పోయినా, అతని తలరుమాలు ఎద్దు కొమ్ముకు కట్టి పంపిస్తారు. రుమాలు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. అతని పేరు మీద ఇంటి మనుషులెవరైనా కాయ కొట్టవచ్చు. దానికి ఎవరూ వంక పెట్టరు. తర్వాత ఊరి పెద్దలే ఎద్దు వెంట ఇంటికి వచ్చి, మనిషి ఇంట్లో ఉంటే అతనికి గులాల్ పెట్టి పోతారు.

"జరమొచ్చిందని నేను చెప్పుకుంట," అంది గంగవ్వ. "కాయ ఈశ్వరయ్య కొడతడు. నీ మొగడు కొట్టలే, నువ్వు కొట్టలే. మీ దేవుడు ఏమంటడు? గుడ్డ గదా. గుడ్డకు మతముంటదా?"

"గులాల్ తోటి ఇంటికొస్తె?"

"చేనికాడ ఉన్నడాయె. మంచంల పండుకున్నడు, లేపద్దని చెప్పి వాకిట్లనే ఆపుత. నాకిడిసిపెట్టు."

రాజమ్మ లోపలికి పోయింది. దేవన్న చేనికి పాత తువ్వాల చుట్టుకుపోయాడు. అంగడికీ ఆదివారం గడ్‌చాందూర్ ఆరాధనకూ కట్టుకునే ఎర్ర రుమాలు దండెం మీద ఉంది. దాని మీద చెయ్యి వేసి చాలా సేపు నిలబడింది. ప్రార్థన చేద్దామనుకుంది. కళ్లు మూసుకుంటే ప్రభువు కనిపించలేదు, గడ్డి నిండిన చేను కనిపించింది. ఆయన మనసు మారలేదు కదా, నా మనసూ మారలేదు కదా, పిల్ల కోసం గుడ్డ ఒకటి ఇస్తున్నాను అని తనకు తాను చెప్పుకుంది. ఎవరికో జవాబు చెబుతున్నట్టు పెదవులు కదిలాయి. రుమాలు తెచ్చి తన చేత్తోనే సోన్యా కుడి కొమ్ముకు కట్టింది. ముడి మొదటిసారికే గట్టిగా పడింది. అది ఆమెకే వింతగా అనిపించింది.

ఈశ్వరయ్య వచ్చి రుమాలు చూశాడు. ఏమీ అడగలేదు. పగ్గం విప్పుకొని పోతూ ఒక్కసారి ఊపిరి గట్టిగా వదిలాడు.

డప్పులు మొదలయ్యాయి. రాజమ్మ ఇంట్లో కూర్చోలేక సందు మొగకు వచ్చి ఆడవాళ్ల వెనక నిలబడింది. చావడి ముందు రెండు వాసాలకు మామిడాకుల తోరణం కట్టారు. ట్రాక్టర్లు వచ్చాక వరుస ఏటేటా చిన్నదవుతోంది. అందుకే జోడీలను ఎడమెడంగా నిలబెట్టారు. నడుమ మోత్యా, సోన్యా. ఎండలో కొమ్ముల రంగు మెరుస్తోంది, దాని మీద ఎర్ర రుమాలు. పిల్లలు ఎద్దుల మీద పాటలు కట్టి అరుస్తున్నారు. ఈశ్వరయ్య వంగి ఒక కాయ కొట్టాడు. మళ్లీ వంగి ఇంకొకటి కొట్టాడు.

ఆ రెండోది దేవన్న పేరు మీద కొట్టిన కాయ.

బాపురావు చెయ్యి ఎత్తాడు. డప్పులు ఆగాయి. ఆయన తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడే మనిషి. గొంతు చెడ్డది కాదు, మనిషీ చెడ్డవాడు కాదు. ఊరు ఒక్కతాటి మీద ఉండాలనే పట్టింపు ఉన్నవాడు.

"దేవన్న రుమాల్ వచ్చింది. రుమాల్ వచ్చిందంటె దేవన్న వాపస్ వచ్చిండు. ఇగ నుంచి మన దేవన్న మన దేవన్నే. ఇన్నేండ్ల ముచ్చట మర్చిపోదాం. ఇంటికి పోయి గులాల్ పెడదాం, పాండ్రి."

జనం హోరుమన్నారు. రాజమ్మ పక్కనున్న ఆడమనిషి ఆమె చెయ్యి పట్టుకొని, "మంచి పని చేసినవ్ పో," అంది. రాజమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది. తాను పంపింది గుడ్డ. అక్కడ దాని మాటగా వినబడింది వేరు. దేవన్న ప్రభువును విడిచిపెట్టాడని ఊరంతా విన్నది. రేపు ఆ మాట కోర్పనాకు పోతుంది, గడ్‌చాందూర్‌కు పోతుంది, టైర్ల దుకాణం వెనక గదిలో ఆదివారం ఆరాధనకు కూడుకునే నలుగురి చెవినా పడుతుంది.

ఆమె పరుగెత్తింది. ఇంటి ముందుకు చేరేసరికి ఊపిరి అందలేదు. మబ్బు కమ్ముకొస్తోంది. అప్పుడు చూసింది. ఊరి చివరి బాట మీద దేవన్న, నిర్మల వస్తున్నారు. వాన వస్తుందని పని ఆపేసినట్టున్నారు. అటు వెళ్లి వాళ్లను ఆపడమా, ఇటు జనాన్ని ఆపడమా అని ఆమె తేల్చుకునే లోపు డప్పులు సందులోకి తిరిగాయి. ముందు ఎద్దులు, పగ్గాలు పట్టుకొని ఈశ్వరయ్య, గులాల్ పళ్లెంతో బాపురావు, వెనక ఊరు. గంగవ్వ అడుగులు తడబడుతూ ముందుకొచ్చి, "పండుకున్నడు, లేపకుండ్రి," అంటూనే ఉంది. మోకాళ్ల దాకా బురదతో, భుజాన పారతో దేవన్న ఆమె వెనకగా వచ్చి నిలబడ్డాడు.

ఎవరో నవ్వారు. "జరం మంచిదే. పార పట్టుకొని నడుస్తుంది."

నవ్వు సందంతా పాకింది. గంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం జరం?" అన్నాడు దేవన్న. తర్వాత అతని చూపు సోన్యా కొమ్ము మీద పడింది.

బాపురావు నవ్వలేదు. మొహం గట్టిపడింది. ఊరంతటి ముందు మాట చెప్పి వచ్చిన మనిషి ఆయన.

"దేవన్నా, రుమాల్ ఎవరిది?"

"నాదే పాటిల్."

"బస్. నీదే అయితె, పంపింది నువ్వేనా? అవునంటె నుదురు ముంగటికి పెట్టు. కాదంటె, మీ ఇంట్ల ఎవరు మమ్మల్ని ఎడ్డోళ్లను చేసిండ్రో చెప్పు."

దేవన్న అన్న వైపు చూశాడు. ఈశ్వరయ్య నేల చూశాడు. తల్లి వైపు చూశాడు. చివరికి రాజమ్మ వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందని ఆమె ఎదురుచూసింది. కోపం లేదు. అతనికి అంతా తెలిసిపోయింది, అంతే.

"చెప్పు తమ్మీ," అన్నాడు ఈశ్వరయ్య. "అవునను. కాదన్నవంటె ఇయ్యాలటితోని జోడి సరి. ఊరి ముంగట చెప్తున్న."

దేవన్న పారను గోడకు ఆనించాడు. మాట్లాడలేదు. నుదురు ముందుకు వంచలేదు. గులాల్ అంటిన బాపురావు బొటనవేలు గాల్లో అలాగే ఉండిపోయింది.

ఆ మౌనం ఏమిటో రాజమ్మకు అర్థమైంది. అవునంటే ప్రభువును కాదన్నట్టు. కాదంటే పెళ్లాన్ని ఊరి నోట్లో వేసినట్టు, తల్లిని అబద్ధాలకోరును చేసినట్టు. రెండూ చేయలేక నిలబడ్డాడు. ఎంతసేపైనా అట్లాగే నిలబడతాడు. ఈ సందులో ఎవరో ఒక చెయ్యి ఎత్తేదాకా నిలబడతాడు. వెనక వరుసలో కుర్రకారు అప్పటికే ముందుకు తోసుకొస్తున్నారు. నిర్మల వచ్చి తండ్రి పక్కన నిలబడింది. పిల్ల మొహం పాలిపోయి ఉంది, అయినా పక్కకు జరగలేదు.

బాపురావు ఆ తోపులాటను చేత్తో ఆపి, రాజమ్మ వైపు తిరిగాడు. మరాఠీలో వదినా అని పిలుస్తుంటే గొంతు మెత్తబడింది. ఆయనకూ ఇది పెద్దది కావడం ఇష్టం లేదు.

"వయినీ, మొగోళ్లకు పట్టుదల ఎక్కువ. నువ్వు చెప్పు. ఆయన చెప్తెనే కట్టిన అను. ఒక్క మాట. గులాల్ గూడ ఇయ్యాల వద్దు, జరమని అనుకుంటం. జోడి మీ ఇద్దరన్నదమ్ముల చేతులనే ఉంటది. నువ్వు అన్నది ఊరు ఇంటది."

అంతా ఆమె వైపు తిరిగారు.

ఎంత సులువైన మాట. ఆమె ఇన్ని రోజులుగా భయపడిన ప్రతిదీ ఆ ఒక్క మాటతో పోతుంది. చేను, ఎద్దు, పిల్ల చదువు, దేవన్న ఒంటి మీద దెబ్బ పడకపోవడం. దేవన్న అడ్డం చెప్పడు. అన్ని సంగతులూ తెలిసి, ఆమెను కాపాడడానికే నోరు మూసుకున్నవాడు, ఆమె అన్న మాటను కాదనడు. ఊరు వింటుంది. దేవన్న ప్రభువును విడిచిపెట్టాడన్న మాట ఆమె నోటితో ఖాయమవుతుంది. సాయంత్రం మళ్లీ దీపం పెట్టాలి. ఇదే నోటితో వాక్యం చదవాలి.

చినుకులు మొదలయ్యాయి. డప్పు తోలు మీద ఒక్కొక్కటే పడుతున్నాయి. డప్పులాయన దాన్ని కండువాతో కప్పుకున్నాడు. సోన్యా తల విదిలిస్తే మెడ గంటలు మోగి ఆగాయి. ఎవరో దగ్గారు. గంగవ్వ "అను బిడ్డా," అని గొణిగింది.

రాజమ్మ భయం పోతుందేమోనని చూసింది. నది నీళ్లలోంచి లేచినప్పటిలా ఒక్క ఘడియ భయం పోతే, అప్పుడు మాట్లాడవచ్చు అనుకుంది. పోలేదు. భయం ఎక్కడికీ పోదని, ఉండనిచ్చే మాట్లాడాలని ఆమెకు మెల్లగా తెలిసింది. వాకిట్లోంచి నాలుగడుగులు వేసి ఎద్దు దగ్గరికి వచ్చింది. జనం దారి ఇచ్చారు. మొగుడి మొహం చూస్తే ఏడుపొస్తుందని అటు చూడలేదు.

ఈశ్వరయ్య చేతిలోని రెండు పగ్గాలూ వానకు తడుస్తున్నాయి. ఆయన కళ్లు బతిమాలుతున్నాయి. బాపురావు ఎదురుచూస్తున్నాడు.

"ఆయన చెప్పలె పాటిల్," అంది రాజమ్మ. "జరం గూడ లేదు. నాకు భయమైంది, నేను కట్టిన. ఇప్పుడు గూడ భయమే అయితుంది. మేం ప్రభువును నమ్మినోళ్లం. మా ఇంట్ల నుంచి కాయ రాదు, రుమాల్ గూడ రాదు. బావా, మోత్యాను నీ కొట్టానికి తోలుకపో. సోన్యా పగ్గం నాకియ్యి."